బైకు ఇంజిన్ కవర్ బోల్టులు: కొలత, ఎంపిక, బిగింపు

బైకు ఇంజిన్‌లో బాగా చౌక సామాను కవర్ బోల్టు. ఆ బోల్టు ఎక్కే మర మాత్రం చౌక కాదు. అది ఇంజిన్ పెట్టె, అంటే అల్యూమినియం చాంబర్‌లోనే కోసి ఉంటుంది. బోల్టు పాడైతే కొట్టుకు వెళ్లి ఇంకోటి తెచ్చుకుంటాం. మర పోతే లేత్ షాపు చుట్టూ తిరగాలి, మరీ ముదిరితే చాంబరే మార్చాలి. కాబట్టి కింద చెప్పే ప్రతి సలహా వెనక లెక్క ఒకటే: బోల్టు పోయినా ఫర్వాలేదు, మర మిగలాలి. "ఇంకా గట్టి బోల్టు వేద్దాం, ఇంకాస్త బిగిద్దాం" అనే మాట మన షెడ్లలో తరచూ వినిపిస్తుంది. కవర్ బోల్టుల విషయంలో అదే కొంప ముంచేది.

మన కడప వైపు ఈ బోల్టులకు మూడు శత్రువులు. ఒకటి ఎండ. 43, 44 డిగ్రీల మధ్యాహ్నం ట్రాఫిక్‌లో నిలబడి నిలబడి కాగిన ఇంజిన్ రాత్రికి చల్లబడుతుంది, మళ్లీ పొద్దున కాగుతుంది. రెండోది దుమ్ము. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు, నాపరాయి పొడి బోల్టు తలల గుంతల్లో చేరి, తడి తగిలితే గట్టిపడిపోతుంది. మూడోది బోరు నీళ్లు. బండి కడిగాక ఆరనిస్తే తెల్లటి పొర కడుతుంది చూడండి, ఆ ఉప్పే బోల్టుకూ అల్యూమినియానికీ మధ్య చేరి రెండింటినీ తినేస్తుంది.

మీ బండికి ఉన్నదేమిటో ముందు చూడండి

ఇప్పటి కమ్యూటర్ బండ్లలో క్లచ్ కవర్‌కూ మాగ్నెట్ కవర్‌కూ ఎక్కువగా ఉండేది ఎం6 బోల్టు. అంటే మర మందం 6 మిల్లీమీటర్లు, ఒక చుట్టుకూ ఇంకో చుట్టుకూ దూరం 1 మిల్లీమీటరు. తలకు 8 నంబరు పానా పడుతుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు: పానా నంబరు 8 కదా అని కొట్టులో "8 ఎంఎం బోల్టు ఇవ్వండి" అంటారు, అతను ఎం8 ఇస్తాడు. అది చాంబర్ రంధ్రంలో పట్టదు. తల కొలత వేరు, మర కొలత వేరు. కొట్టుకు పాత బోల్టు పట్టుకెళ్లడమే మేలు. కొత్త బోల్టు మరను పాత బోల్టు మరకు ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. పళ్లు ఒకదాంట్లో ఒకటి కూర్చుని మధ్యలో వెలుతురు కనబడకపోతే సరిపోయినట్టే.

రెండు రకాల బండ్లకు ఈ లెక్క మారుతుంది. ఆర్‌ఎక్స్ 100 లాంటి పాత జపాన్ డిజైన్ బండ్లకు కవర్లకు బోల్టుల బదులు ప్లస్ గాడి స్క్రూలు ఉంటాయి. అవి చూడ్డానికి మామూలు ఫిలిప్స్ స్క్రూల్లా ఉంటాయి కానీ కాదు, జపాన్ ప్రమాణం జేఐఎస్‌వి. కొన్నింటి తలమీద చిన్న చుక్క గుర్తు కూడా ఉంటుంది. మన దగ్గర దొరికే స్టార్ స్క్రూడ్రైవర్ మొన ఆ గాడిలో పూర్తిగా దిగదు, తిప్పగానే పైకి జారి గాడిని చెక్కేస్తుంది. జేఐఎస్ బిట్టు ఒకటి కొనుక్కుంటే ఫిలిప్స్ స్క్రూలకు కూడా పనికొస్తుంది. రెండో రకం పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్. దాంట్లో అంగుళాల కొలత మరలు తగులుతాయి. పావు అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు, చూపుకు ఎం6 లాగే ఉంటుంది. అక్కడ మెట్రిక్ బోల్టును పానాతో బలవంతంగా ఎక్కించారంటే మర పని అయిపోయినట్టే.

విప్పే పని

ఇంజిన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి. ముందు బోల్టు తలల్లోని దుమ్మును సన్నటి పోకరుతో లేదా సూదితో పెళ్లగించండి. ఎలెన్ బోల్టులైతే (తలలో ఆరు మూలల గుంత ఉండేవి) ఇది తప్పనిసరి. గుంతలో సగం సిమెంటు పొడి ఉండగా ఎలెన్ కీ పెడితే అది మూడో వంతే దిగుతుంది, తిప్పగానే గుంత గుండ్రంగా అరిగిపోతుంది. తర్వాత బ్రష్షుతో కిరోసిన్ పూసి తుడవండి.

విప్పేముందు ఫోనుతో కవర్ ఫొటో ఒకటి తీసుకోండి. ఏ బోల్టు కింద క్లచ్ కేబుల్ పట్టీ ఉంది, ఏ బోల్టు కింద వైరు క్లిప్పు ఉంది అనేది తర్వాత అందులో చూసుకోవచ్చు. ఇక అట్టపెట్టె ముక్క మీద కవర్ ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడ నుంచి వచ్చిందో అక్కడే పొడిచి ఉంచండి. ఒకే కవర్‌కు మూడు నాలుగు రకాల పొడవులుంటాయి. అన్నీ ఒక గిన్నెలో వేశారా, ఆ తర్వాత వచ్చే తలనొప్పులన్నీ అక్కడినుంచే మొదలవుతాయి.

ఒక్కో బోల్టును ముందు పావు చుట్టు వదులు చేస్తూ, అడ్డంగా ఒకటి మార్చి ఒకటి వెళ్లండి. ఒకే వైపు మొత్తం విప్పేస్తే మిగిలిన బోల్టుల మీద కవర్ వంగుతుంది. బిగుసుకున్న బోల్టుకు పొడవాటి పైపు తగిలించి లాగకండి. ముందు తల మీద సుత్తితో రెండు మూడు చిన్న దెబ్బలు వేయండి. కదలకపోతే పెనెట్రేటింగ్ ఆయిల్ (సందుల్లోకి దిగే పలచటి నూనె) వేసి రాత్రంతా వదిలేయండి. అప్పటికీ రాకపోతే హాట్ ఎయిర్ గన్‌తో బోల్టు చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని వేడి చేయండి. ఉక్కుకంటే అల్యూమినియం దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది, కాబట్టి మర కాస్త వదులవుతుంది. పెట్రోలు ట్యాంకు పక్కన ఉండగా మంట మాత్రం వాడకండి. ప్లస్ గాడి స్క్రూలకు సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ మంచి మందు. దెబ్బ పడినప్పుడు మొన లోపలికి దిగుతూ తిరుగుతుంది, జారదు.

క్లచ్ కవర్ తీసేముందు ఆయిల్ దింపేయండి. ఆయిల్ మార్చే రోజునే ఈ పని పెట్టుకుంటే ఆయిల్ వృథా కాదు. మాగ్నెట్ కవర్‌ను అయస్కాంతం లోపలికి లాగి పట్టుకుంటుంది, పైగా వెనక కాయిల్ వైర్లుంటాయి. నింపాదిగా లాగండి. కవర్ అంచున బోలుగా ఉండే చిన్న గొట్టాల్లాంటి డోవెల్ పిన్నులు రెండు ఉంటాయి. అవి కవర్‌తో పాటు వస్తాయో, చాంబర్‌లో ఉండిపోతాయో, కింద మట్టిలో పడతాయో చెప్పలేం. కవర్ చేతికి రాగానే వాటిని లెక్కపెట్టుకోండి.

పొడవు: అసలు కథ ఇక్కడే

బోల్టు పొడవును తల కిందినుంచి కొన వరకే కొలుస్తారు, తలను కలపరు. తల పైకి కనబడకుండా లోపలికి కూర్చునే రకానికి మాత్రం మొత్తం పొడవు కొలుస్తారు. హోండా పార్ట్ నంబరు చదవడం తెలిస్తే పని ఇంకా సులువు. 95701-06025 అని ఉంటే 06 అనేది మర మందం, 025 అనేది పొడవు. అంటే ఎం6, 25 మిల్లీమీటర్ల ఫ్లాంజ్ బోల్టు (తల కింద వెడల్పాటి అంచున్నది). పార్ట్స్ పట్టిక దొరికితే ఏ రంధ్రానికి ఏ పొడవో ఇంట్లో కూర్చునే రాసుకోవచ్చు.

బోల్టు పొట్టిదైతే రెండు మూడు చుట్లే పట్టుకుంటుంది. బరువంతా ఆ రెండు చుట్ల మీద పడి అవి తెగిపోతాయి. పొడుగైతే ఇంకా ప్రమాదం. అడుగు మూసి ఉన్న రంధ్రమైతే బోల్టు కొన అడుగున తగిలి ఆగుతుంది. చేతికి బాగా బిగిసినట్టే అనిపిస్తుంది, కవర్ మీద మాత్రం పట్టు ఉండదు. ఇంకా తిప్పితే చాంబర్ పగులుతుంది. రంధ్రంలో ఆయిల్ నిలిచి ఉంటే కూడా అంతే. ఆయిల్ అణగదు కాబట్టి బోల్టు దాన్ని కిందికి తోస్తూ అల్యూమినియాన్ని చీల్చేస్తుంది. రంధ్రం అవతలికి తెరిచి ఉన్న చోట పొడుగు బోల్టు లోపలికి పొడుచుకువెళ్లి క్లచ్‌కో, గేరుకో, మాగ్నెట్‌కో తగలొచ్చు.

పాత బోల్టులు ఎవరో ముందే మార్చేసి ఉంటే, వాటి పొడవును నమ్మకండి. సెకండ్ హ్యాండ్ బండ్లలో ఇది మామూలే. అప్పుడు ఇలా చూడండి. కవర్‌ను కొత్త ప్యాకింగ్‌తో (మధ్యలో పెట్టే గ్యాస్కెట్) సహా చాంబర్‌కు ఆనించి, బోల్టును రంధ్రంలో వేసి తిప్పకుండా వదిలేయండి. కొన మొదటి మరకు తగిలి ఆగుతుంది. అప్పుడు తల కింద కవర్‌కూ తలకూ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడండి. మరలోకి దిగబోయే పొడవు అదే. అల్యూమినియంలో ఎం6 బోల్టు మందానికి ఒకటిన్నర నుంచి రెండింతలు దిగాలి, అంటే 9 నుంచి 12 మిల్లీమీటర్లు. అన్ని బోల్టులకూ ఈ ఖాళీ దాదాపు ఒకేలా రావాలి. ఒకటి మాత్రం 4 మిల్లీమీటర్లే ఉంటే అది పొట్టి బోల్టు. ఒకటి 20 ఉంటే అనుమానించి రంధ్రం లోతు చూడండి. వెర్నియర్ కాలిపర్ (సన్నటి కొలతలు తీసే పనిముట్టు) తోక ఉంటే సరే, లేదంటే సన్నటి తీగ లోపలికి దించి గోటితో గుర్తు పెట్టుకుంటే చాలు. చీపురు పుల్ల కూడా పనిచేస్తుంది కానీ లోపల విరిగితే తీయడం మీ వంతు.

మార్కెట్లో పొడవులు సాధారణంగా 5 మిల్లీమీటర్ల తేడాతో దొరుకుతాయి. సరిపడేది దొరక్కపోతే పొడుగుది తెచ్చి రంపంతో కోయడమే మంచిది. పొట్టిదానితో సర్దుకోకండి. కోసేముందు బోల్టుకు ఒక నట్టు ఎక్కించి, కోశాక నట్టును బయటికి తిప్పితే కొనదగ్గర చెదిరిన మర సరి అవుతుంది. ఆకురాయితో కొన అంచును కాస్త ఏటవాలుగా రుద్దండి.

ఏ లోహం, ఏ గ్రేడు

తల మీద 8.8 అని ఉంటే ముందు అంకె తెగే బలం (800 మెగాపాస్కల్స్), రెండోది అందులో ఎంత శాతం దగ్గర శాశ్వతంగా సాగడం మొదలవుతుందో చెబుతుంది (80 శాతం, అంటే 640). తల మీద ఏ గుర్తూ లేని, తూకానికి అమ్మే బోల్టులు చాలావరకు 4.6, 4.8 రకాలు. ఇవి కవర్‌కు పనికిరావు. ఎందుకో చూడండి. ఎం6 బోల్టును 10 న్యూటన్ మీటర్లకు (తిప్పే బలానికి కొలత ఇది) పొడిగా బిగిస్తే అది దాదాపు 8 కిలోన్యూటన్ల బలంతో, అంటే 800 కిలోల బరువు పెట్టినంతగా, కవర్‌ను నొక్కుతుంది. 4.8 బోల్టు ఎం6 కొలతలో దాదాపు 6 కిలోన్యూటన్లకే హద్దు దాటుతుంది. బిగిస్తుంటే సాగుతుంది, బిగింపు నిలవదు.

అలాగని 12.9 బోల్టు వేస్తే లాభమేమీ లేదు. బలహీనంగా ఉన్నది అవతలి అల్యూమినియం. బోల్టు ఎంత గట్టిదైతే చాంబర్ మర ముందు తెగే అవకాశం అంత ఎక్కువ, ఎందుకంటే చేతికి "ఇంకా పడుతోంది" అనిపిస్తూనే ఉంటుంది. కవర్‌కు 8.8 చాలు. కంపెనీ ఫ్లాంజ్ బోల్టు దొరికితే అంతకంటే వెతకక్కర్లేదు.

స్టెయిన్‌లెస్ సంగతి కాస్త నిదానంగా చూడాలి. ఏ2-70 అనే రకం 304 స్టీలు, ఏ4 అంటే 316. ఏ2-70 తెగే బలం 700, సాగడం మొదలయ్యేది 450 దగ్గర. తుప్పు పట్టదు, మెరుపు పోదు, బండికి అందం. కానీ స్టెయిన్‌లెస్, అల్యూమినియం, వాటి మధ్య ఉప్పు నీరు కలిస్తే తినబడేది అల్యూమినియమే. మన బోరు నీళ్లతో వారం వారం కడిగే బండికి ఇది పుస్తకంలో చదివే భయం కాదు. విప్పేటప్పుడు బోల్టు మరల మధ్య తెల్లటి పొడి రాలితే అది చాంబర్‌నుంచి పోయిన లోహమే. స్టెయిన్‌లెస్ వేయాలనుకుంటే మర మీద ఆంటీ సీజ్ పేస్టు (మర పట్టేయకుండా రాసేది) పలచగా పూయండి. పూశారా, బిగింపు పావు వంతు తగ్గించండి. పేస్టు వల్ల రాపిడి తగ్గి, అదే తిప్పుడుకు బోల్టు ఎక్కువ లాగబడుతుంది. ఏ2-70 బోల్టుకు ఆ ఎక్కువ లాగుడు దాని హద్దు దాటించేస్తుంది. 7, 8 న్యూటన్ మీటర్లు చాలు.

రంగురంగుల అల్యూమినియం బోల్టులు ఇంజిన్ కవర్‌కు వేయకండి. అవి విజర్‌కో, నంబర్ ప్లేటుకో అయితే సరే. టైటానియం బోల్టులకు పెట్టే డబ్బుతో రెండు సార్లు ఆయిల్ మార్చుకోవచ్చు, వాటి గురించి ఇంతకంటే రాయను.

తల ఆకారం

మామూలు వాడకానికి 8 నంబరు ఫ్లాంజ్ బోల్టే మేలు. తల కింద వెడల్పాటి అంచు ఉంటుంది కాబట్టి మెత్తటి అల్యూమినియంలో కూరుకుపోదు, గొట్టం పానా పడుతుంది, దుమ్ము నిలవదు. ఎం6 ఎలెన్ బోల్టు తల 10 మిల్లీమీటర్లే ఉంటుంది, దానికి 5 నంబరు ఎలెన్ కీ పడుతుంది. ఇది వేస్తే కింద వాషర్ పెట్టండి. వాషర్ మందం దాదాపు 1.6 మిల్లీమీటర్లు, ఆ మేరకు మరలో దిగే పొడవు తగ్గుతుందని గుర్తుంచుకోండి. బిగించాక గుంతలో కాస్త గ్రీసు నింపితే దుమ్ము గట్టిపడదు. గుండ్రటి పుట్టగొడుగు తల బోల్టుకు 4 నంబరు కీ పడుతుంది, గుంత లోతు తక్కువ. రెండోసారి విప్పేసరికి అరిగిపోతుంది. కొనకండి.

ఒక్కో బండికి ఒకటి రెండు బోల్టుల కింద రాగి వాషర్ ఉంటుంది. ఆ రంధ్రం ఆయిల్ దారిలోకి తెరుచుకుంటుంది కాబట్టే అక్కడ పెట్టారు. అదే రంధ్రానికి, కొత్త రాగి వాషర్‌తోనే తిరిగి వేయండి.

బిగింపు

పాత ప్యాకింగ్‌ను గీకడానికి స్క్రూడ్రైవర్ వాడకండి, అల్యూమినియం మీద పడిన ఒక్క గీత చాలు ఆయిల్ కారడానికి. ప్లాస్టిక్ ముక్క, గ్యాస్కెట్ రిమూవర్ ఉంటే సరిపోతాయి. రంధ్రాల్లో కార్బ్ క్లీనర్ కొట్టి, గాలితో ఊది, లోపల ఆయిల్ లేకుండా చూసుకోండి. కళ్లకు అద్దాలు పెట్టుకోవడం మరవకండి. కొత్త పేపర్ ప్యాకింగ్ వేసినప్పుడు దానిమీద అంతటా అనాబాండ్ (గ్యాస్కెట్ జిగురు) రాయక్కర్లేదు. రెండు చాంబర్లు కలిసే గీత దగ్గర చిన్న చుక్క చాలు. ఎక్కువ రాస్తే లోపలికి పిండబడి ఆయిల్ జల్లెడలో చేరుతుంది.

బోల్టులన్నీ ముందు వేళ్లతోనే ఎక్కించండి. వేళ్లతో నాలుగైదు చుట్లు పడకపోతే మర అడ్డంగా ఎక్కుతోందన్నమాట, తీసి మళ్లీ వేయండి. తర్వాత అడ్డంగా ఒకటి మార్చి ఒకటి, ముందు సగం బలంతో, రెండో చుట్టులో పూర్తి బలంతో బిగించండి. మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకెదే పైచేయి. అది లేకపోతే ఎం6 ఫ్లాంజ్ బోల్టుకు 10 న్యూటన్ మీటర్లు, ఎం5కు 5.

పావు అంగుళం సైజు టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) ఉంటే మంచిదే. పెద్ద రెంచిని ఈ పనికి వాడకండి, దాని కొలతలో అడుగున ఉండే 10ని నమ్మలేం. రెంచి లేనివాళ్లకు ఒక ఉపాయం ఉంది. బోల్టు మధ్యనుంచి పానా మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల దగ్గర టేపు చుట్టి గుర్తు పెట్టండి. అక్కడ బ్యాగులు తూచే డిజిటల్ కాటా కొక్కెం తగిలించి, పానాకు లంబంగా మెల్లగా లాగండి. కాటా మీద 10 కిలోలు చూపించేటప్పుడు బోల్టు మీద పడేది దాదాపు 10 న్యూటన్ మీటర్లు. ఆంటీ సీజ్ రాసిన స్టెయిన్‌లెస్ బోల్టుకు 7, 8 కిలోల దగ్గర ఆపండి. నాలుగు బోల్టులు ఇలా బిగించేసరికి చేతికి ఆ బలం ఎంతో తెలిసిపోతుంది. అది మనం అనుకున్నదానికంటే చాలా తక్కువ!

కవర్ బోల్టులకు లోక్‌టైట్ (మర వదులవకుండా పట్టే జిగురు) సాధారణంగా అవసరం లేదు. కంపెనీ రాసిన చోట మాత్రం నీలం రకమే రాయండి, ఎర్రది వద్దు.

మర పోయిందంటే

బోల్టు తిరుగుతూనే ఉండి బిగుసుకోకపోతే ఆపేయండి. రాగి తీగ ముక్క రంధ్రంలో పెట్టి బిగించడం మన దగ్గర అందరికీ తెలిసిన చిట్కా. గువ్వలచెరువు ఘాట్‌లో ఇరుక్కుంటే ఇల్లు చేరడానికి పనికొస్తుంది, అంతవరకే. "8 ట్యాప్ కొట్టేద్దాం" అనే మాటకు ఒప్పుకోకండి. రంధ్రం చుట్టూ ఉన్న లోహపు దిమ్మ ఎం6కు తగ్గట్టు పోతపోసింది. దాన్ని ఎం8కు కోస్తే గోడ పలచబడి పగులుతుంది, పైగా కవర్ రంధ్రం కూడా పెద్దది చేయాలి.

సరైన మందు హెలికాయిల్, అంటే పోయిన మర స్థానంలో ఎక్కించే స్ప్రింగు లాంటి తీగ మర. చాంబర్ లోపలికి పొడి పడకుండా గుడ్డ కుక్కి, డ్రిల్ బిట్టుకు గ్రీసు రాసి, కిట్‌తో వచ్చిన బిట్టుతో (సాధారణంగా 6.3 మిల్లీమీటర్లు) నిటారుగా రంధ్రం చేస్తారు. కిట్ ట్యాప్‌తో మర కోసి, 9 మిల్లీమీటర్ల స్ప్రింగు ఎక్కించి, పైఅంచు కంటే అర చుట్టు లోపలికి దించి, అడుగున ఉన్న తోకను విరిచి బయటికి తీసేయాలి. ఆ తోక లోపల పడితే గేర్ల మధ్యకు పోతుంది. సరిగ్గా వేసిన హెలికాయిల్ అసలు మరకంటే గట్టిగా నిలుస్తుంది. చేతి డ్రిల్లుతో వంకరగా చేసే భయముంటే లేత్ షాపులోనే చేయించండి.

బోల్టు లోపల విరిగిపోతే ముక్క మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేయించడం తరచూ పనిచేస్తుంది. ఆ వేడికే పట్టు వదులుతుంది. ఎక్స్‌ట్రాక్టర్‌ను (విరిగిన ముక్కను తిప్పి తీసే పనిముట్టు) మాత్రం చివరి ప్రయత్నంగా ఉంచుకోండి. అది లోపల విరిగితే డ్రిల్ బిట్టు కూడా దాన్ని కొరకలేదు.

ఆ తర్వాత

బిగించిన రోజే ప్రతి బోల్టు తల మీదుగా కవర్ మీదికి గోళ్లరంగుతో సన్నటి గీత గీయండి. గీత తెగి పక్కకు జరిగితే బోల్టు వదులైనట్టు. గండికోటకో, తిరుపతికో దూరం వెళ్లివచ్చాక ఒకసారి కూర్చుని గీతలన్నీ చూసుకుంటే చాలు, పానా పట్టక్కర్లేదు. మొదటి సర్వీసులో చల్లని ఇంజిన్ మీద ఒక్కసారి కాటాతో సరిచూడండి. ఆ తర్వాత ప్రతి నెలా "కాస్త బిగిద్దాం" అని తిప్పుతూ పోవద్దు. చాలా మరలు అలాగే పోతాయి.

బండి కడిగిన వెంటనే బోల్టు తలలు, కవర్ అంచులు పొడిగుడ్డతో తుడవండి. ప్రెషర్ గన్‌ను కవర్ అతుకుల మీదికి దగ్గరగా పట్టనీయకండి. తల మీద పూత పోయి ఎర్రబడిన బోల్టును ఒక్కొక్కటిగా, ఒకటి వేశాకే ఇంకోటి తీస్తూ మార్చేస్తే కవర్ విప్పాల్సిన పని ఉండదు. అలా మార్చడానికి ముందు బండిని ఆ కవర్ పైకి వచ్చేలా రెండో వైపుకు కాస్త వంచి ఆనించండి.

కవర్ కిందినుంచి ఆయిల్ చెమ్మ కనిపిస్తే ముందు శుభ్రంగా తుడిచి, టాల్కం పౌడర్ చల్లి, ఒక కిలోమీటరు నడిపి చూడండి. పౌడర్ తడిసిన చోటే కారుతోంది. బోల్టుల మీది గీతలు కదలకుండా ఆయిల్ వస్తోందంటే తప్పు ప్యాకింగ్‌ది, లేదా కవర్ అంచు వంగింది. అద్దం ముక్క మీద నీటి ఎమరీ పేపరు పరిచి, కవర్ అంచును గుండ్రంగా రుద్ది చూస్తే మెరవని చోటు బయటపడుతుంది. అక్కడ పల్లం ఉన్నట్టు.